మా మేఘనకు హిందీ రాదనుకున్నాం

పోయిన నెల జగదల్‌పూర్‌లో చెవి డాక్టరుగారు మా మేఘన కుడిచెవిలోకి లైటు వేసి చూసి, ఇక మూడు నెలలకోసారి వస్తే చాలన్నారు. ఎడమచెవి గురించి ఏమీ అనలేదు. దాని గురించి అనాల్సింది అంతకుముందే అనేశారు. తిరుగు బస్సులో పాప నాకు ఎడమపక్కనే కూర్చుంటానని పట్టుబట్టింది. అలా కూర్చుంటే దాని వినే చెవి నావైపు ఉంటుంది. ఏడేళ్ల పిల్ల ఆ సంగతి ఎవరూ చెప్పకుండానే తెలుసుకుంది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. సుక్మా దాటేదాకా దాని ముఖం చూడలేకపోయాను.

ఇంకొకరి పిల్లకు ఇలా జరగకూడదని రాస్తున్నాను. నాలో నేను కుదురుకోవడానికి కూడా రాస్తున్నాను.

నా సంగతి ముందే చెప్పడం మంచిది. మాది కొంటా, తెలుగు ఊళ్లకు ఆనుకుని, హిందీ రాష్ట్రం అంచున శబరి నది ఒడ్డున ఉన్న ఊరు. మా ఆయనకు పిండిగిర్నీ ఉంది. ఊళ్లో నన్ను గిర్నీ సుజాత అంటారు, నేను లేనప్పుడు తగాదాల సుజాత అంటారు. కరెంటాఫీసు నుంచి కలెక్టరాఫీసు దాకా నా అర్జీలు వెళ్లని చోటు లేదు. నాకు మరిచిపోవడం చేతకాదు. నా పెళ్లయిన కొత్తలో ఒక విందులో మా ఆడపడుచు నా విస్తరి దాటుకుంటూ పోయి పక్కావిడకు బూరె వేసింది. ఆ రోజు ఆమె కట్టుకున్నది ఆకుపచ్చ చీర, ఎర్రంచు. అలాంటి జ్ఞాపకాలు నా దగ్గర చాలా ఉన్నాయి. వాటితోనే ఇంతకాలం బతికాను.

నాలుగో ఏడు, వానలు

మొదట నొప్పి వచ్చింది. శబరి పొంగి రోడ్డు తెగిన వారం అది. పాపకు జలుబు చేసి ముక్కు కారుతోంది. పొద్దున్నే లేచి చెవి పట్టుకుని తల గోడకేసి రుద్దుకోవడం మొదలుపెట్టింది. నోట మాట లేదు, ఏడుపొక్కటే. మధ్యాహ్నానికి ఒళ్లు కాలిపోయింది. మర్నాడు దిండు మీద పసుపుపచ్చ మరక. చీము బయటికి వచ్చాక నొప్పి తగ్గి, పాప లేచి అన్నం అడిగింది. బజారులో మేం చూపించుకునే డాక్టరు చుక్కల మందు ఇచ్చాడు. వారంలో తగ్గిపోయింది.

ఆ తర్వాత జలుబు చేసినప్పుడల్లా చెవి కారింది. ఒకసారి కుడిది, ఒకసారి ఎడమది, ఒక్కోసారి రెండూ. చుక్కలు వేస్తే ఆగేది. మా అత్తమ్మ వెల్లుల్లి వేసి నూనె కాచి, గోరువెచ్చగా చెవిలో పోసేది. పిల్లను ఒడిలో అదిమి పట్టుకున్నది నేనే. పాప గిలగిల్లాడేది. "పొగరు దీనికి, అచ్చం నీ తీరే," అనేది అత్తమ్మ. ఆ మాట నాకు గుర్తుంది. ఆ గిలగిల దేనికో మాత్రం అప్పుడు ఆలోచించలేదు.

చెవి కారని రోజుల్లో పాప బాగుందనుకునేవాళ్లం. నోరు తెరుచుకుని నిద్రపోయేది, గురక పెట్టేది. మా ఆయన నవ్వేవాడు, "మా నాయన గురక దిగింది దీనికి," అని. కారని చెవి మంచి చెవి కాదని, చీము బయటికి రాకపోతే లోపల నీళ్లు నిలిచి జిగురులా చిక్కబడతాయని, ఆ నీళ్ల వెనక పిల్ల చెరువులో మునిగినదానిలా ఉంటుందని మాకెవరు చెప్పాలి?

ఇంట్లో ఎవరమూ గుర్తుపట్టకపోవడానికి ఒక కారణం గిర్నీ. ముందు గదిలో గిర్నీ, వెనక రెండు గదుల్లో మేం. మోటారు తిరుగుతుంటే పక్కనున్న మనిషి మాట వినపడదు. మా ఇంట్లో అందరం అరుస్తాం. వచ్చినవాళ్లు కూడా నోటితో చెప్పరు, చేత్తో చెప్తారు. వేళ్లు మూసి రుద్దితే మెత్తగా పట్టమని, అరచేయి ఆడిస్తే బరకగా పట్టమని, రెండు వేళ్లు చూపిస్తే రెండుసార్లు తిప్పమని. మేఘన మూడేళ్లకే ఆ సైగలన్నీ నేర్చేసింది. గడపలో నిలబడి వచ్చినవాళ్ల చేతులు చూసి, వాళ్ల నాన్నకు చెప్పేది. చూసినవాళ్లు ముక్కున వేలేసుకునేవాళ్లు.

"నీ బిడ్డ కలెక్టరయితది పో," అని దోర్నపాల్ నుంచి వచ్చే ముసలాయన ఒకడు ఎప్పుడూ అనేవాడు.

నేను పొంగిపోయేదాన్ని. దాని కళ్లు అంత చురుగ్గా ఎందుకయ్యాయో ఇప్పుడు తెలుసు.

ఆరో ఏడు, బడి

కొంటాలో మా ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, గిర్నీకి వచ్చే గిరిజనులతో దోర్లీ. మా పిల్లలందరూ ఇలాగే పెరుగుతారు. ఏది ఎక్కడ మాట్లాడాలో వాళ్లే నేర్చుకుంటారు. కాబట్టి మేఘనను హిందీ బడిలో వేసేటప్పుడు నాకేమీ భయం లేదు.

దసరా సెలవుల ముందు టీచరు పిలిపించింది. నీలం చుడీదారు వేసుకుంది. నన్ను కూర్చోమనలేదు.

"పిలిస్తే పలకదు. నిలబడమంటే పక్కపిల్లను చూసి నిలబడుతుంది. అక్షరాలు చెప్పమంటే నా నోటికేసి చూస్తుంది," అని హిందీలో అంది. తర్వాత నా వంక పైనుంచి కిందికి చూసి, "ఘర్ మే తెలుగు హీ చల్తీ హై న? ఔర్ వో గావ్‌వాలీ భాషా. బచ్చీ కన్ఫ్యూజ్ హై," అంది. ఇంట్లో తెలుగు, ఆ పల్లె భాష, పిల్ల గందరగోళపడుతోందని.

ఆ "గావ్‌వాలీ" అనే మాట అన్న తీరు నాకిప్పటికీ చెవిలో ఉంది. ఆ మధ్యాహ్నమే హెడ్‌మాస్టరుకు అర్జీ రాశాను, మా భాషను కించపరిచారని. ఆయన చదివి బల్ల సొరుగులో పెట్టుకున్నాడు. నేను గెలిచాననుకున్నాను. కానీ ఇంటికి వచ్చేసరికి టీచరు మాట నాలో పనిచేయడం మొదలుపెట్టింది. నా కూతురు ఎవరి ముందూ వెనకబడకూడదు. ఆ టీచరు ముందు అసలే కూడదు.

దేవక్క సంగతి ఇక్కడ చెప్పాలి.

దేవక్క దోర్ల మనిషి, శబరి గట్టున చిన్న ఊరు ఆమెది. మా గిర్నీలో జల్లెడ పట్టేది, నేల ఊడ్చేది. నాకంటే పదేళ్లు పెద్దది. మేఘన పుట్టినప్పటి నుంచి పనికి వస్తోంది. కరెంటు పోయి మోటారు ఆగినప్పుడల్లా పాపను ఎదురుగా కూర్చోబెట్టుకుని, గడ్డం కింద రెండు వేళ్లు పెట్టి ముఖం తనవైపు తిప్పుకుని, అప్పుడు మాట్లాడేది. దోర్లీ సగం, తెలుగు సగం. పాప పకపక నవ్వేది. పాప గడ్డం మీద పిండి వేళ్ల గుర్తులు తెల్లగా ఉండేవి. వాటిని నేను చెంగుతో తుడిచేదాన్ని. మా పిల్ల ముఖాన్ని పనిమనిషి అలా పట్టుకుని తిప్పడం నాకు నచ్చేది కాదు. పైకి అనలేదు, లోపల పెట్టుకున్నాను.

దసరా అయిన మూడో రోజు. కరెంటు లేదు. దేవక్క పాప వెనక నిలబడి ఉంది. నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను.

"అమ్మా, ఇటు రా ఒకపాలి," అంది.

"ఏంది?"

"పాపకు ఇనపడ్తలేదమ్మా."

"ఏం మాటలే అవి?"

"నేను ఎనకనుంచి పిలుస్త సూడు." పిలిచింది. పాప గవ్వలు ఏరుకుంటూ ఉంది, తల తిప్పలేదు. "సూసినవా? మొకం సూస్తే పలుకుద్ది. ఎనకనుంచైతే పలకదు. మా సెల్లె బిడ్డకు గిట్లనే అయింది. సెవి కారికారి సెవుడొచ్చింది. పెద్ద డాక్టరుకాడికి తీస్కపో."

చెవుడు. పండగ వెళ్లిన మూడో రోజు, నా గుమ్మంలో, నా ఒక్క కూతుర్ని పట్టుకుని ఆ మాట అంది. ఆ రోజు ఆమె కట్టుకున్నది నేనిచ్చిన పాత నేతచీర.

"ఆటలో పడి పలకలేదు. నీ చెల్లెలి బిడ్డకూ నా బిడ్డకూ పోలికేంది? దానికి నీ దోర్లీ, మా తెలుగు, బడి హిందీ కలిసి గందరగోళమైంది. నువ్వు దానితో మాట్లాడకుంటే అన్నీ సర్దుకుంటయ్," అన్నాను.

"మాట్లాడకుంటే ఎట్ల సర్దుకుంటదమ్మా?"

"రేపటినుంచి పనికి రావొద్దు."

దేవక్క చీపురు గోడకు ఆనించింది. చేతులు కడుక్కుంది. పోయేముందు పాప ఎదురుగా వంగి, గడ్డం పట్టుకుని ఏదో చెప్పబోయింది. నేను పాపను లోపలికి లాక్కున్నాను.

హిందీ చలికాలం

ఆ మర్నాటినుంచి మా ఇంట్లో హిందీ తప్ప మరోటి వినపడకూడదని నేను ఆజ్ఞ వేశాను. మా ఆయనకు వ్యాపారం హిందీ వచ్చు. నాకు అర్జీల హిందీ వచ్చు. అత్తమ్మకు ఏదీ రాదు.

"పానీ తాగో, తాగో," అని గ్లాసు పట్టుకుని పాప వెంట తిరిగేది ఆమె.

"అమ్మా, తాగో కాదే, పీయో," అనేవాడు మా ఆయన.

"ఏదో ఒక యో. దాని గొంతులోకి దిగితే సాలు."

మేం నవ్వుకున్నాం.

డాక్టరు తర్వాత చెప్పింది ఇది: వినికిడి తగ్గిన పిల్ల పూర్తిగా వినదు, ఊహిస్తుంది. కొంచెం శబ్దం అందుతుంది, మిగతాది పెదవులు చూసి పోల్చుకుంటుంది. రోజూ వినే మాటలైతేనే అలా పోల్చుకోగలదు. నా పెదాల మీద "అన్నం" ఎలా ఉంటుందో, "రా" ఎలా ఉంటుందో మేఘన నాలుగేళ్లు చూసి చూసి పట్టుకుంది. ఆ నీళ్లలో మునిగిన పిల్లకు పట్టుకోవడానికి ఉన్న తాడు అదొక్కటే. దాన్ని నేనే కోసేశాను. మంచి మార్కుల కోసం కోసేశాను. ఆ టీచరు ముందు తలెత్తుకోవడానికి కోసేశాను.

పాప క్రమంగా మాట్లాడటం మానేసింది. కావలసినదాని దగ్గరికి నా వేలు పట్టుకుని తీసుకెళ్లి చూపించేది. గిర్నీ గడపలో నిలబడి సైగలు చేస్తూ ఉండేది, గిరాకీ లేకపోయినా. మోటారు ఆగితే కంగారుపడేది. ఎందుకంటే మోటారు ఆగితే అందరం నోటితో మాట్లాడుకుంటాం, చేతులు దించేస్తాం.

మాఘమాసంలో టీచరు నన్ను దారిలో ఆపి, "అబ్ సుధర్ రహీ హై. క్లాసులో అల్లరే లేదు," అంది. బాగుపడుతోందట. నేను ఆ రోజు పాయసం వండాను.

ఫాల్గుణం, జగదల్‌పూర్

ఎడమచెవి నుంచి వాసన రావడం మొదలయింది. పాపను దగ్గరికి తీసుకుంటే తెలిసిపోయేది. నడుస్తూ నడుస్తూ ఒక పక్కకు తూలేది. బజారు డాక్టరు చూసి మొదటిసారి చుక్కలు రాయలేదు. "వదినా, ఇది నా చేతిలో లేదు. రేపే జగదల్‌పూర్ బస్సెక్కండి," అన్నాడు. ఆ "వదినా" అనే పిలుపులో అదివరకు లేని మెత్తదనం ఉంది. దానికే నాకు భయం వేసింది.

తెల్లవారుజామున బస్సు. సుక్మా, తోంగ్‌పాల్, కొండ మీది ఘాటురోడ్డు ఎక్కడం, దిగడం. ఘాటు మలుపుల్లో పాప రెండు చెవులూ మూసుకుని నా ఒడిలో ముడుచుకుంది. కండక్టరు చూసి, ముందు సీట్లో ఉన్నాయన్ను లేపి మమ్మల్ని అక్కడ కూర్చోబెట్టాడు. లేచినాయన ఘాటంతా నిలబడే వచ్చాడు.

చెవి డాక్టరు ఆస్పత్రిలో వెయిటింగ్ హాలు కిక్కిరిసి ఉంది. బీజాపూర్ వైపు నుంచి వచ్చిన రైతులు, చంటిపిల్లల తల్లులు, తలపాగా విప్పి ఒడిలో పెట్టుకున్న ముసలాళ్లు. కౌంటర్ దగ్గర ఒకామె పేర్లు పిలుస్తోంది. మా పేరు రాయించి, మా ఆయన మందుల షాపు పక్కన చాయ్ కోసం వెళ్లాడు. ఎండ మండిపోతోంది. పాపను కౌంటర్ ఎదురుగా మొదటి కుర్చీలో కూర్చోబెట్టి, "ఇక్కడే కూర్చో, పేరు పిలిస్తే చెయ్యెత్తు," అని హిందీలోనే చెప్పి, సీసాలో నీళ్లు పట్టుకురావడానికి వెళ్లాను. కుళాయి దగ్గర కొంచెం ఆలస్యమయింది.

తిరిగొచ్చేసరికి మా తర్వాతివాళ్లు లోపల ఉన్నారు.

నేనెవరినో మీకు చెప్పాను కదా. హాలంతా వినపడేలా మొదలుపెట్టాను. దూరం నుంచి వచ్చినవాళ్లంటే మీకు లెక్కలేదు, తెలుగువాళ్లంటే లెక్కలేదు, పిలవకుండానే దాటేశారు, పెద్ద డాక్టరుకు రాసిస్తాను, కాగితం ఇవ్వండి అన్నాను.

"పిలిచానమ్మా," అంది కౌంటర్ ఆమె.

"పిలవలేదు! మా పాప మీ ముందే కూర్చుంది. పిలిస్తే చెయ్యెత్తదా?"

పక్కన చంటిపిల్లతో ఉన్న ఒకావిడ నా మోచెయ్యి ముట్టుకుంది. "తీన్ బార్ పుకారా, దీదీ," అంది మెల్లగా. మూడుసార్లు పిలిచారక్కా. ఆమె వెనక కూర్చున్న ముసలాయన కూడా తలూపాడు. ఇంకొకతను, "మేఘనా, మేఘనా అని గట్టిగానే పిలిచింది," అన్నాడు.

నాకు వ్యతిరేకంగా అంతమంది సాక్షులు ఎప్పుడూ లేరు. అయినా ఇంకో మాట అనబోయాను. కౌంటర్ ఆమె నా మీద కోప్పడలేదు. లేచి, తలుపు తీసుకుని బయటికి వచ్చింది. పాప గోడ మీది చేపల బొమ్మ చూస్తోంది. ఆమె పాప వెనకగా వచ్చి నిలబడి, తల దగ్గర రెండు చేతులూ గట్టిగా చరిచింది.

హాల్లో చంటిపిల్లలు ఉలిక్కిపడి ఏడ్చారు. మేఘన చేపలు లెక్కపెట్టుకుంటూనే ఉంది.

నా చేతిలో నీళ్లసీసా ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. కౌంటర్ ఆమె నా భుజం పట్టి కూర్చోబెట్టి, తర్వాతి పిలుపు మాదే అని, పేరు పిలవకుండా తానే వచ్చి పాప వేలు పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది.

ఎవరైనా నన్ను చిన్నబుచ్చితే వాళ్ల చీర రంగు కూడా నాకు గుర్తుంటుంది. ఆ కౌంటర్ ఆమె చీర కట్టుకుందో, చుడీదారు వేసుకుందో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. పేరు కూడా అడగలేదు.

లోపల పాపను చిన్న గదిలో కూర్చోబెట్టి చెవులకు గట్టి మూతల్లాంటి హెడ్‌ఫోన్లు పెట్టారు. శబ్దం వినపడినప్పుడల్లా డబ్బాలో గవ్వలాంటిది ఒకటి వేయాలి. అద్దంలోంచి చూస్తున్నాను. పాప డబ్బా పట్టుకుని పరీక్ష చేసే అమ్మాయి ముఖమే చూస్తోంది, ఎప్పుడు వేయమంటుందో అని. చాలాసేపటికి ఒకటి వేసింది. తర్వాత మళ్లీ చాలాసేపు వేయలేదు.

డాక్టరుగారు కాగితం మీద గీత చూపించారు. రెండు చెవుల్లోనూ కర్ణభేరి పొర వెనక నీళ్లు నిలిచి జిగురైపోయాయి. కుడిచెవికి చిన్న కోత పెట్టి నీళ్లు తీసి, సన్నని గొట్టం అమరిస్తే వినికిడి చాలావరకు వస్తుంది. ఎడమచెవి పొర చిరిగిపోయింది, లోపలి చిన్న ఎముకను చీము తినేసింది. నూనె పోశారా అని అడిగారు. తలవంచుకున్నాను. గిర్నీ మోత వల్లనా అని మా ఆయన అడిగితే, "కాదు, గిర్నీ మీకు తెలియకుండా దాచింది, అంతే," అన్నారు.

తర్వాత నన్ను అడిగారు: "ఇన్నాళ్లూ ఎవరూ గమనించలేదా?"

"లేదండీ," అన్నాను.

మా ఆయన నావైపు చూశాడు. తిరుగు బస్సులో పాప నిద్రపోయాక, ముందుకు చూస్తూ అన్నాడు.

"గమనించింది గదా దేవక్క."

నేను పాప మీద చెంగు కప్పాను.

"ఆర్నెల్లయింది, సుజాతా."

పదేళ్ల కాపురంలో ఆయన నన్ను అన్న మాట అదొక్కటే. నేను ఆయన్ని అన్నవి లెక్కే లేదు. ఆ తర్వాత నెల రోజులు మా మధ్య ఉప్పు, కారం, మందులు తప్ప వేరే మాట లేదు. అత్తమ్మ వెల్లుల్లి నూనె సీసాను పెరట్లోకి తీసుకుపోయి గోతిలో పూడ్చింది. పగలగొట్టి పారేయొచ్చుగా అంటే, "ఎవళ్లన్నా ఏరుకుని వాడతరేమో," అంది. ఆ తర్వాత చాలాసేపు లోపలికి రాలేదు.

ఎండలు, ఆపరేషన్

ఆపరేషన్ గురించి నాకు తెలిసింది తలుపు గురించే. ఆకుపచ్చ తలుపు. దాని కింద ఖాళీలోంచి చెప్పులు లేని పాదాలు తిరగడం కనపడేది. మత్తు మందుకు లోపలికి తీసుకెళ్లేముందు, ఆ తలుపు దగ్గరే పాప నా ముఖం కోసం వెతికింది. నాతో సహా అందరి ముక్కూ నోరూ గుడ్డలతో మూసి ఉన్నాయి. ఎవరి పెదాలూ కనపడక భయపడిపోయింది. ఒక నర్సు మూతి మీది గుడ్డ కిందికి లాగి, పాప ఎదురుగా వంగి, గడ్డం పట్టుకుని నవ్వింది. పాప కుదుటపడింది. అలా పట్టుకోవడం నేను అదివరకు ఎక్కడ చూశానో నాకు తెలుసు.

వారం తర్వాత కొంటాకు వచ్చాం. గిర్నీలో మోటారు తిరుగుతోంది. గడప దగ్గరికి రాగానే మేఘన ఆగిపోయింది. రెండు చేతులతో చెవులు మూసుకుని, నోరు పెద్దగా తెరిచి ఏడ్చింది. ఆ మోతలో పుట్టి పెరిగిన పిల్ల దాని అసలు మోత మొదటిసారి విన్నది ఆ రోజే. మా ఆయన పరుగెత్తుకెళ్లి మోటారు కట్టేశాడు. ఎవరివో శనగలు సగం పట్టి అలాగే ఉండిపోయాయి.

ఆ నిశ్శబ్దంలో గోడమీద బల్లి అరిచింది. పాప తలెత్తి అటు చూసింది. మా ఆయన నేలమీద, పిండిలోనే, కూలబడిపోయాడు.

సంతోషించాల్సిన రోజు అది. సంతోషించాం కూడా. కానీ నాకు ఆరేళ్ల బల్లులు గుర్తొచ్చాయి. ఆరేళ్ల వానలు, జోలపాటలు, శబరి పొంగిన చప్పుడు. అందులో దానికి ఎంత అందిందో, ఎంత అందలేదో మాకెప్పటికీ తెలియదు.

ఎడమచెవి రాలేదు. పెద్దయ్యాక ఇంకో ఆపరేషన్ చేసి చూడొచ్చట, మాట మాత్రం ఇవ్వలేమన్నారు. స్నానానికి ముందు కుడిచెవిలో వాజిలీన్ పూసిన దూది పెట్టాలి. శబరిలో మునగకూడదు. పాప మాటలు ఇంకా తోటిపిల్లలకంటే రెండేళ్లు వెనకే ఉన్నాయి. ఇంట్లో మళ్లీ తెలుగే మాట్లాడుతున్నాం. హిందీ దానంతటదే వస్తోంది.

బడిలో పాపను ముందు బెంచీలో, కుడిచెవి టీచరువైపు ఉండేలా కూర్చోబెట్టమని డాక్టరు కాగితం తీసుకెళ్లి ఆ టీచరుకే ఇచ్చాను. కూర్చోబెట్టింది. తప్పయిందని మాత్రం అనలేదు. నేనూ అడగలేదు, మరిచిపోనూ లేదు.

చదువుతున్న తల్లులకు ఒక్కటే చెప్తాను. పిల్ల పలకకపోతే ఏ భాషలో పలకలేదని చూడకండి. టీవీలు, మిక్సీలు, గిర్నీలు అన్నీ ఆపి, వెనక నిలబడి, దానికి ఇష్టమైన తిండి పేరు మెల్లగా అనండి. తిరగకపోతే ఆ వారమే డాక్టరు దగ్గరికి వెళ్లండి. కారే చెవిలో నూనె పోయకండి. ఇంకొకటి. ఎవరైనా మీ పిల్ల గురించి మీకు గిట్టని మాట చెప్తే, వాళ్లెవరో, మీరిచ్చిన చీర కట్టుకున్నారో చూసుకోకుండా, ఆ మాట ఒక్కసారి వినండి.

పోయిన బేస్తవారం

దేవక్క మా పని పోయాక మిరపకోతలకు వెళ్లింది. అక్కడినుంచి శబరి అవతల కూతురి దగ్గర ఉండిపోయింది. వరికోతలకు తిరిగొచ్చిందని గిరాకీలు చెప్తే, పాపను తీసుకుని వెళ్లాం. బండి గట్టున ఆపి మా ఆయన అక్కడే ఉండిపోయాడు. "నేను రాను. నువ్వు మాట్లాడాల్సిన మాట," అన్నాడు.

ఆమె గుడిసె ముందు కూర్చుని కొడవలి నూరుకుంటోంది. నన్ను చూసి లేవలేదు.

దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. జీవితంలో ఎంతమందికి ఎన్ని అర్జీలు రాశానో, ఒక్కదానిలోనూ తప్పు నాది అని రాయలేదు. ఆ వాక్యం ఎలా మొదలవుతుందో నాకు తెలియలేదు.

"నువ్వు చెప్పిందే నిజం, దేవక్కా," అన్నాను చివరికి.

"తెల్సు."

"ఒక చెవి పోయింది."

కొడవలి మీద ఆమె చెయ్యి ఆగింది. "అయ్యో," అంది. ఆ మాట పాప కోసం, నా కోసం కాదు. "అప్పుడే పోయుంటే..." అని ఆపేసింది.

"మళ్లీ పనికి రా."

"రాను."

"కోపమా?"

"చీపురు పట్టుకోని నిలబడ్డదాన్ని, కుక్కను ఎల్లగొట్టినట్టు ఎల్లగొడ్తివి. నా చేతిలోంచి పిల్లను గుంజుకుంటివి. దానితోని ఒక్క మాట చెప్పనియ్యలే. నేను మర్చిపోలేదమ్మా." గొంతు పెంచలేదు. "ఆ దినం నువ్వు కట్టుకున్నది పసుపు చీర."

మరిచిపోని మనిషికి ఏం చెప్పుకున్నా లాభం లేదని నాకంటే బాగా ఎవరికి తెలుసు? ఆమె క్షమించాలని అడగడానికి నాకు నోరు రాలేదు. నేనెవర్నీ ఎప్పుడూ క్షమించలేదు.

మేఘన అప్పటికే కొంచెం దూరంలో కోడిపిల్లల వెంట పడింది, మాకు వీపు పెట్టి. దేవక్క లేచి, కొడవలి చూరులో దోపి, పాపవైపు నడిచింది. ఎడమపక్కగా వెనక నిలబడి, మెల్లగా పిలిచింది.

"మేఘనమ్మా."

పాప తిరగలేదు.

ఆమె నావైపు చూడలేదు. ఏ చెవి పోయిందో నేనింకా చెప్పనేలేదు. చుట్టూ తిరిగి పాప కుడిపక్కకు వెళ్లింది. కింద కూర్చుంది. గడ్డం పట్టుకోవడానికి చెయ్యి సగం దాకా చాపి, వెనక్కి తీసుకుంది. అక్కడే కూర్చుని, కుడిచెవి దగ్గరగా, దోర్లీలో ఏదో చెప్పింది. నాకు అర్థం కాలేదు. పాపకు కూడా కాలేదు, ఏడాదిలో ఆ భాష మరిచిపోయింది. కానీ విన్నది. ఆ గొంతును మొదటిసారి పూర్తిగా విన్నది. తల ఒకపక్కకు వంచి, ఇంకోసారి చెప్పమన్నట్టు చూసింది.

దేవక్క ఇంకోసారి చెప్పింది.